పదిహేడో ఎత్తు

"రెండేళ్లు ఆడకూడదు, సూర్యకుమారి గారూ. కంప్యూటరు చెప్పిన ఎత్తులేసేరని తేలితే అంతేనండి."

అమలాపురం చెస్ సంఘం గదిలో, పోటీలు నడిపే మెర్సీ మేడం ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. రాష్ట్ర జట్టు ఎంపికకి నేను ఇంటి నుంచి ఆన్‌లైన్లో ఆడిన ఆఖరి ఆట అది. పదిహేడో ఎత్తు నుంచి వరసగా తొమ్మిది ఎత్తులు ఏఐ చెప్పినవే. ఒక్కోటి సరిగ్గా ఏడు సెకన్లలో.

పక్కనే కూర్చున్న మా ఆయన నవ్వేశారు. "మా ఆవిడకంత బుర్రెక్కడిదండీ? ఏదో యాప్ చూసి తెలీక వేసేసుంటాది. ఈసారికి వదిలెయ్యండి."

తెలీకా? పదిహేడో ఎత్తప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. ఐనవిల్లి నుంచి ఆడపడుచు వాళ్లొచ్చారు. "ఆటెక్కడికీ పారిపోదు, ముందు కాఫీలట్రా" అని అత్తగారు కేకేశారు. ఆట గడియారంలో నాకింకా నలభై నిమిషాలున్నాయి, పోతే పది పోతాయని లేచాను. తిరిగొచ్చేసరికి బల్ల ముందు ఆయన, చేతిలో ఫోను. "నీ టైమైపోతుందని నేనే ఆడేనే. గెలిచేస్తున్నావు, చూడు!" అప్పుడే ఆట ఆపి సంఘానికి చెప్పాల్సింది. చుట్టాల ముందు ఆయన పరువెందుకు తియ్యాలని మాట్లాడకుండా మిగతా ఆట ముగించాను. అసలు నేను లేచేటప్పటికే ఒక బంటు ఎక్కువ నాకు. గెలిచే ఆట! పొయ్యి గట్టు మీద పుస్తకం తెరిచిపెట్టి, కూర కలుపుతూ పన్నెండేళ్లు నేర్చుకున్న ఆట. దాన్ని యంత్రానికి అప్పగించి, ఇప్పుడు నాకు బుర్ర లేదంటున్నాడు.

"ఆ తొమ్మిది ఎత్తులప్పుడూ మీ కంప్యూటరు ముందెవరున్నారండీ?" మెర్సీ మేడం అడిగింది.

బల్ల కింద ఆయన కాలు నా కాలిని తొక్కింది. వెనక కుర్చీలోంచి అత్తగారు, "కోడలా, నోరు జాగ్రత్త" అన్నారు. మా ఇంట్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషన్ కార్డు కోసం వెళ్లినప్పుడు కూడా కాగితం మీద రాసిచ్చాను. మేడంకి సంగతి అర్థమైనట్టుంది, పెన్నూ కాగితమూ నా ముందుకి జరిపింది.

నేను వాటిని వెనక్కి నెట్టేశాను.

"నోటితోనే చెప్తానండి. తెలిసీ దాచేను, దానికి నాకెంత శిక్షయినా వెయ్యండి. ఆ తొమ్మిది ఎత్తులూ ఆడింది మాత్రం ఇదిగో, మా ఆయన తాతాజీ."