రొయ్యల గుంట గట్టున గద్ద

మా ఆయన జకరయ్య చనిపోయిన నెలకు, అల్లూరులో మా రొయ్యల గుంట గట్టున ఒక వలస గద్ద చచ్చిపడింది. దాని వీపున కట్టిన ట్రాన్స్‌మీటర్ జాడ పట్టుకుని పరిశోధకురాలు డెబోరా వచ్చింది.

“గట్టున మందేమన్నా పెట్టినారా టీచర్ గారూ?” అని నన్ను అడిగింది.

“పెట్టలా మేడం,” అన్నాడు మా మరిది బెన్హర్. “సైబీరియా నుంచి ఎగిరొచ్చింది గదా, అలుపుతో పోయుంటది.”

కాకులు పక్క గుంటల రోగం మోసుకొస్తాయని చేపముక్కల్లో విషపు గుళికలు పెట్టించింది నేనే, ఏటా ఆయన పెట్టించినట్టే. బడిలో సైన్సు చెప్పేదీ నేనే.

“నేనే పెట్టించానమ్మా,” అన్నాను.

“పోయినేడు రెండు గద్దల సిగ్నల్ ఇక్కడే ఆగిపోయింది. ఎప్పటి నుంచి పెడతా ఉండారు?”

బెన్హర్ నా వైపు చూశాడు. ఆయన పేరు నా నోట రాలేదు.

“ఈ నెల నుంచే,” అన్నాను.

తప్పు ఒప్పుకున్నదాన్ని గదా, డెబోరా నమ్మి రాసుకుంది. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.