రెండో గేరు

బోరు పక్కన నిలబడి చప్పుడు విన్నాడంటే చాలు, లోపల మోటారు నీళ్లు లాగుతోందో గాలి లాగుతోందో పైపులాయన చెప్పేస్తాడు. బేరింగు పోయిందా, వైరు కాలిందా, అన్నీ చెవితోనే. అలాంటి మనిషి ఏ బండి కొనాలో తేల్చుకోలేక మూడు నెలలుగా మీనమేషాలు లెక్కపెడుతున్నాడు.

పాత పికప్‌కి ఆయువు తీరిపోయింది. కొండ తోటలకు పోయే దారిలో వాగు దాటుతూ రెండుసార్లు మొరాయించింది. రెండోసారి ట్రాక్టరు కట్టి లాగాల్సి వచ్చింది. బోరులోంచి మోటారు పైకి తీయడానికి వెళ్లినవాడే వాగులోంచి తనను పైకి తీయించుకున్నాడని తోటలవాళ్లు వారం రోజులు చెప్పుకుని నవ్వుకున్నారు. నవ్వరూ మరి?

ఆ బండిలో ఉన్నది ఒకటే వరస సీటు. స్టీరింగు దగ్గర ఆయన, తలుపు పక్కన భార్య, మధ్యలో గేరు రాడ్డుకి అటొక కాలు ఇటొక కాలు వేసుకుని పిల్ల. ఆ పిల్ల ఆయన కన్నకూతురు కాదు. బట్టలు సరిచేసే షాపులో కుట్టుపని చేసే ఆవిడను మూడేళ్ల కిందట పెళ్లి చేసుకున్నప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని వచ్చిన తొమ్మిదేళ్ల పిల్ల. ఇప్పుడు పన్నెండు. తల్లి ముద్దుగా "పొడుగూ" అని పిలుస్తుంది. పేరుకు తగ్గట్టే మనిషిలో సగం మోకాళ్లే.

రెండో గేరు వెయ్యాలంటే రాడ్డు వెనక్కి రావాలి. రావాలంటే పొడుగు మోకాలు అడ్డం. అందుకని "కాలు" అంటాడు. పిల్ల మోకాలు పక్కకి తిప్పి "తీశా" అంటుంది. నాలుగో గేరుకీ ఇదే తంతు. మూడేళ్లలో వాళ్లిద్దరూ మాట్లాడుకున్నదాంట్లో మూడొంతులు ఈ రెండు మాటలే.

మిగిలిందంతా మర్యాద. ఎదురుపడితే "మీరు", చాటున "ఆయన". నాన్నా అనదు, అంకుల్ అనదు, అసలు ఏమనీ పిలవదు. దాన్ని ఆయన పెద్దగా పట్టించుకోలేదు. చెవిలో గుచ్చుకున్నది వేరే ఉంది. "మేం తినేశాం." "రేపు మేం లైబ్రరీకి వెళ్తున్నాం." "అమ్మా, ఆయన బండి వచ్చింది." మూడేళ్లలో ఆ పిల్ల నోటి వెంట ఒక్కసారి కూడా "మనం" అన్న మాట ఆయన్ని కలుపుకుని రాలేదు. మేం అంటే అమ్మా, తనూ. మనం అంటే ఆయన కూడా లోపలికి వచ్చేస్తాడు. బళ్లో వ్యాకరణంలో మార్కులు ఎన్నొస్తాయో గానీ, ఇక్కడ మాత్రం పొరపాటున కూడా తప్పు పోయేది కాదు. గాలి లాగే మోటారును పసిగట్టే చెవికి ఈ తేడా అందకుండా ఉంటుందా? అందింది, బాధ పెట్టింది. ఎవరితోనూ అనలేదు, పెళ్లాంతో కూడా.

"డబుల్ క్యాబ్ తీసుకోండి," అని భార్య మొదటిరోజే తేల్చేసింది. "వెనక సీటుంటే పిల్ల కాళ్లు చాపుకుంటుంది. దాని మోకాలు చూశారా, గేరు రాడ్డు తగిలి కమిలిపోయింది."

"డబుల్ క్యాబ్‌కి వెనక తొట్టి అయిదడుగులే. నా పైపు ఇరవై."

"పాతదానికి మాత్రం ఇరవై ఉందా? బయటికి వేలాడేసి చివర ఎర్రగుడ్డ కట్టట్లా?"

దానికి ఆయన దగ్గర ఉన్న సమాధానం పైకి చెప్పేది కాదు. వెనక సీటు వస్తే పిల్ల వెనక్కి పోతుంది. పిల్లతో పాటు "కాలు" పోతుంది, "తీశా" పోతుంది, ఇక మిగిలేది మర్యాదే. పన్నెండేళ్ల పిల్ల మోకాలు కమిలిపోతున్నా ఒక మాట కోసం ఒంటివరస బండి కొనాలనుకునేవాణ్ణి ఏమనాలో తనకే తెలియక తనను తాను తిట్టుకున్నాడు. చివరికి ధైర్యం చేసి పిల్లనే అడిగాడు.

"నీకు ఏ బండి బావుంటుంది?"

"మేం ఎక్కడైనా కూర్చుంటాం," అంది పొడుగు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆదివారం ముగ్గురూ షోరూంకి వెళ్లారు. పైపులాయన వెంట తాడు తెచ్చుకున్నాడు. బోరు లోతు చూడటానికి అడుగుకో ముడి వేసి పెట్టుకున్న తాడు అది. దాంతో రెండు బళ్ల తొట్లూ కొలిచాడు. కొత్త చొక్కా అని కూడా చూడకుండా నేల మీద వెల్లకిలా పడుకుని బండి అడుగు నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలిచాడు. వాగులో నీళ్లు ఎంతవరకు రావచ్చో ముడులు లెక్కపెట్టుకున్నాడు. పక్కనే నిలబడ్డ సేల్స్ ఆవిడ నవ్వు ఆపుకోవడానికి నానా అవస్థా పడింది.

"పనికా సార్, ఫ్యామిలీకా?"

"రెండిటికీ. కొండలు కూడా ఎక్కాలి."

"రెండిట్లో ముందు ఏది సార్?"

పైపులాయన తాడు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. భార్యే అందుకుంది. "అన్నీ కొలిచారు గానీ వెనక సీటు కొలవలేదేం? అక్కడ కూర్చునేది మనుషులేగా."

ఆయన వెళ్లి డబుల్ క్యాబ్ వెనక తలుపు తీశాడు. "ఎక్కమ్మా," అన్నాడు పిల్లతో. పొడుగు ఎక్కి కాళ్లు చాపింది. మోకాలికీ ముందు సీటుకీ మధ్య ఇంకా జానెడు చోటుంది. మోకాలి మీద నల్లటి మచ్చ ఆయన కంటబడింది. అప్పటికి ఆయన మనసులో బేరం ముగిసింది.

"ఇదే చూద్దాం," అన్నాడు.

"ఇందులో ఆటోమేటిక్ ఉంది సార్. ఇప్పుడంతా అదే తీసుకుంటున్నారు. గేర్ల గొడవే ఉండదు."

"వద్దండీ," అన్నాడు కాస్త గట్టిగానే. "గేరు రాడ్డు ఉన్నదే ఇవ్వండి."

నడిపి చూసుకోవడానికి షోరూం వెనక మట్టి గుట్ట ఉంది, రాళ్లూ గుంతలూ అన్నీ కావాలని పెట్టించినవే. ముందు ఆయన, పక్కన భార్య. వెనక పొడుగు, దాని పక్కన సేల్స్ ఆవిడ. నాలుగు చక్రాలూ కలిసి తిరుగుతుంటే బండి గుంతలోంచి గునుస్తూ లేచింది. ఇంజిను చప్పుడు బాగుంది. పైపులాయన చెవికి వంక పెట్టడానికేమీ దొరకలేదు. గుట్ట ఎక్కి చదును నేల మీదికి రాగానే క్లచ్ తొక్కి, రాడ్డు మీద చెయ్యి వేసి, అలవాటు కొద్దీ అనేశాడు.

"కాలు."

అన్నాక తెలిసింది. రాడ్డు పక్కన ఎవరూ లేరు. భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. వెనక సేల్స్ ఆవిడ తననే అన్నాడనుకుని బూట్లు గబుక్కున సీటు కిందికి లాక్కుంది. పైపులాయన చెవులు ఎర్రబడ్డాయి.

"తీశా," అంది వెనక నుంచి పొడుగు.

ఆయన రెండో గేరు వేశాడు. పొడుగు ముందు సీట్ల సందులో తల పెట్టి, పైనున్న అద్దంలో వెనక తొట్టిని చూసింది.

"అవునూ, ఇది బాగా పొట్టిగా ఉంది కదా. మనం పైపులు ఎక్కడ పెట్టుకుంటాం?"

బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"క్లచ్ మెల్లగా వదలాలి సార్, కొత్తలో అందరికీ ఇలాగే అవుతుంది," అని సేల్స్ ఆవిడ ఓదార్చింది. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్న మనిషి బుద్ధిగా తల ఊపాడు. భార్య ఇంకా కిటికీలోంచే చూస్తోంది గానీ, చెయ్యి మాత్రం వచ్చి ఆయన మోచేతి మీద పడింది.

"పైన రాక్ కట్టిద్దాం," అన్నాడు ఆయన. "పైపులు మన నెత్తి మీద ఉంటాయి."

"అయితే ఎర్రగుడ్డ నేను కడతా. మీరు కడితే ఊడిపోతోంది."

"సరే."

మళ్లీ స్టార్ట్ చేశాడు. మొదటి గేరులో నాలుగు గజాలు పోనిచ్చి, రాడ్డు మీద చెయ్యి వేసి, ఈసారి కావాలనే అన్నాడు.

"కాలు."

"ఎప్పుడో తీశా," అంది పొడుగు. "పోనివ్వండి."