నూనె గుడ్డలు

పాతపట్నం చివర ఎర్రన్నకు తాటాకు కప్పు వేసిన వడ్రంగి సావిడి ఉండేది. నాగళ్లు, మంచాలు చేసేవాడు. పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో కొండవార చేలమీద అడవిపందులు మరీ ఎక్కువగా పడుతుంటే, జగన్నాధం అనే రైతు వచ్చి నాలుగు విల్లులు చేసిపెట్టమన్నాడు.

కర్ర చెక్కి వంచడం ఎర్రన్న పని. నూనె పట్టించడం మాత్రం అతని తల్లి అసిరమ్మది. అవిసె నూనెను గోరువెచ్చగా కాచి, గుడ్డతో పల్చగా రాసి, కర్ర వేడెక్కేదాకా అరచేత్తో రుద్దేది. అరగంట ఆగి మిగిలిన తడిని తుడిచేసి, గుడ్డల్ని మూలనున్న గంపలో పడేసి, విల్లును గాలి తగిలే నీడలో వేలాడదీసేది. మూడు రోజులు ఆరాక మళ్లీ పూత. అలా ఏడు పూతలు పడితే వానలో తడిసినా కర్ర నీరు పీల్చదు.

రెండో పూత వేసిన మధ్యాహ్నం అందరూ అన్నాలకి లేచారు. ఎర్రన్న భార్య తాయారు చెయ్యి కడుక్కోవడానికి బయటికొచ్చేసరికి సావిడిలోంచి పొగ. ఇరుగుపొరుగు బిందెలతో పరిగెత్తుకొచ్చినా కప్పు సగం కాలిపోయింది. బయట వేపకొమ్మకి కట్టిన విల్లులు మాత్రం బతికిపోయాయి.

అసిరమ్మకి నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటుంది.

"అత్తా, సుట్ట ఎక్కడ పడేసినావు?" అంది తాయారు.

"గురుతు లేదే" అంది అసిరమ్మ.

ఎర్రన్న తల్లివైపు చూడకుండా కాలిన వాసాలు లాగడం మొదలుపెట్టాడు. అదే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజుతో చుట్ట మానేసింది. సావిడి వైపు రావడమూ మానేసింది. పూతలు ఎర్రన్న మీద పడ్డాయి. అతని చేతిలో నూనె ఒకచోట మందంగా, ఒకచోట జిగటగా నిలిచిపోయేది.

"నువ్వు రాకపోతే అవదమ్మా" అని బతిమాలాడు.

"కప్పు కాల్సిన సెయ్యిరా ఇది. నన్ను పిలవకు."

ఆదివారం ఆవిడ మేనకోడలితో అరసవల్లి వెళ్లింది. ఎర్రన్న ఒక్కడే నాలుగో పూత వేసి, గుడ్డలు ముద్దచేసి కొత్త గంపలో పడేసి అన్నానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మాడిన నూనె వాసన. గంపలో చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు. లోపల కుంపటిలా ఉంది.

"పొయ్యికాడ నిప్పేటైనా తెచ్చినావా?" అని తాయారుని కేకేశాడు.

"నానీ పక్కకే రాలేదు మావా!"

గంపను వాకిట్లోకి లాగి బోర్లించాడు. గాలి తగిలి ముద్ద మధ్యలోంచి మంట లేచింది. ఇసుక పోసి ఆర్పి, ఎర్రన్న అక్కడే చతికిలబడ్డాడు.

"నిప్పు అమ్మది కాదే. ఆయేల కూడా అమ్మది కాదు."

సాయంత్రం బస్సు దిగిన తల్లికి దారిలోనే అంతా చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

"గుడ్డకి దానంతట అదే నిప్పు పుట్టినాదా? నా మనసు కుదుటపడాలని సెప్తన్నావు."

మర్నాడు పొద్దున్నే ఎర్రన్న గుడ్డలు నూనెలో తడిపి, పిండి, రేకు డబ్బాలో కుక్కి వాకిట్లో నీడన పెట్టాడు. పక్కన పీట వేసి తల్లిని కూర్చోబెట్టాడు. ఆవిడ మాటిమాటికీ చెయ్యి పెట్టి చూసింది. మొదట చల్లగానే ఉంది. పొద్దెక్కేకొద్దీ నీడలోనే గోరువెచ్చనైంది. మధ్యాహ్నానికి చటుక్కున చెయ్యి లాక్కుంది.

"కాల్తన్నాదిరా!"

నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాను కాదు. నాను కాదురా ఎర్రన్నా!"

తాయారు వచ్చి పక్కన కూర్చుంది. "నోరు జారినాను అత్తా."

"పోన్లేవే. నా మీద నాకే నమ్మకం లేకపోయినాది. నీదేటి తప్పు?"

డబ్బాలో నీళ్లు గుమ్మరించారు. ముద్దగా ఉంటేనే లోపల వేడి పుట్టి రాజుకుంటోందని, ఇకమీదట నూనె గుడ్డల్ని విడివిడిగా కంచెమీద ఆరెయ్యాలని ఎర్రన్న గట్టిగా చెప్పాడు. అసిరమ్మ అప్పటికే సావిడిలో ఉంది. కొడుకు వేసిన పూతను వేలితో తడిమి, "ఏటిదిరా, బెల్లంపాకం పోసినావా?" అంటూ గీకడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో వీధిలో ఎవరు పోతున్నా గుమ్మంలోకొచ్చి ఆపి, ఆ నిప్పు తనది కాదని, జరిగిందంతా మొదట్నించీ చెప్పింది.