గాటా, కన్నమా?

తైవాన్‌లోని తైనాన్ ఊళ్లో డాక్టర్ కో గదిలో చియూమెయ్ మనవడు ఆహావ్ అందరినీ ఎడాపెడా తన్నాడు. ఏడాది నిండినా వాడి కుడి వృషణం కిందికి దిగలేదు. ఎక్కడుందో చూద్దామని డాక్టరు చెయ్యి పెట్టగానే వాడు ఆయన కళ్లద్దాలు లాగి పారేశాడు.

“మత్తిచ్చాక మళ్లీ తడిమి చూస్తాం,” అన్నాడాయన కళ్లద్దాలు ఏరుకుంటూ. “గజ్జల్లో చేతికి తగిలితే అక్కడే చిన్న గాటు. తగలకపోతే బొడ్డు దగ్గర కన్నం పెట్టి కెమెరాతో వెతుకుతాం. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు.”

గాటు, కన్నం అన్న మాటలు తప్ప చియూమెయ్‌కి ఇంకేమీ చెవికెక్కలేదు. “ఏది మంచిదో వైద్యదేవుణ్ణి అడుగుతా. ఆయన వరసగా మూడుసార్లు అవునంటేనే ఆపరేషను,” అని తేల్చేసింది.

కోడలు పెయ్‌లిన్‌కి ఒళ్లు మండింది. “అడగండి అత్తయ్యా. కానీ ఆపరేషను ఎల్లుండే, గుర్తుంచుకోండి.”

గుళ్లో చియూమెయ్ అగరొత్తులు వెలిగించి, నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలు దోసిట్లో పట్టుకుంది. వాటికి ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. పైకి ఒకటి చదును, ఒకటి ఉబ్బు వస్తే దేవుడు అవునన్నట్టు. రెండూ ఉబ్బే అయితే వద్దన్నట్టు. రెండూ చదునే అయితే నవ్వుతున్నట్టు.

“స్వామీ, గాటా, కన్నమా?” అని విసిరింది. దేవుడు నవ్వాడు. మళ్లీ విసిరింది. మళ్లీ నవ్వాడు.

“పసివాడికి కత్తి పెడతామంటుంటే ఆ ఇకిలింపులేంటి?” అని దేవుడి మీద విరుచుకుపడింది.

అగరొత్తులమ్మే జిన్‌హువా తల కొట్టుకుంది. “అదేం అడగడం వదినా? అవునో కాదో చెప్పే దేవుణ్ణి ఇదా అదా అంటే నవ్వక ఏడుస్తాడా? ఇంతకీ పేరూ అడ్రసూ చెప్పావా?”

“చెప్పకేం? చేపలబజారు వెనక...” అంటూనే నాలిక్కరుచుకుంది. అది పాత ఇల్లు.

“ఇప్పుడక్కడ ఎవరుంటున్నారు?”

“స్కూటర్లు బాగుచేసే గువో. అరవై దాటినోడు.”

జిన్‌హువా కడుపు పట్టుకుని నవ్వింది. “దేవుడు ఆ ముసలాడికి గాటా కన్నమా అని చూసొచ్చుంటాడే!”

చియూమెయ్ సిగ్గుపడుతూ కొత్త అడ్రసు చెప్పింది. “పన్నెండో అంతస్తు స్వామీ. లిఫ్టు దిగ్గానే ఎడమవైపు. చెప్పులు బయటే విప్పండి.”

ఇంతలో పెయ్‌లిన్ పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. “అత్తయ్యా, అది అలాగే ఉండిపోతే పెద్దయ్యాక ముప్పన్నారు. నాకు భయమేస్తోంది,” అని భోరుమంది. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే కోడలు అలా ఏడుస్తుంటే చియూమెయ్ గబగబా చెక్కముక్కలు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

ఈసారి సరిగ్గా అడిగింది. “డాక్టరు తడిమి చూసి ఏది సరైతే అది చేస్తాడు. మీరు ఒప్పుకుంటారా స్వామీ?”

అవును. మళ్లీ అవును. మూడోసారి ఒక ముక్క కాళ్ల దగ్గర చదునుగా పడింది. రెండోది దొర్లుకుంటూ పూజబల్ల కిందికి పోయింది. చియూమెయ్ మోకాళ్ల మీద వంగి బల్ల కింద దూరింది. అదీ చదునే. దేవుడు మళ్లీ నవ్వుతున్నాడు.

“ఏమైంది అత్తయ్యా?” అంది కోడలు.

“నవ్వింది చాలు స్వామీ,” అని గొణిగి, చియూమెయ్ చిటికెనవేలితో ముక్కను తిప్పేసింది. “అవునన్నాడే అమ్మాయ్! కావాలంటే వంగి చూడు!”

ఆపరేషను రోజు డాక్టర్ కో నవ్వుతూ బయటికొచ్చాడు. “నిద్రపోగానే చేతికి దొరికింది. సగం దారిలో ఆగిపోయింది, అంతే. చిన్న గాటు పెట్టి కిందికి దించి, మళ్లీ పైకి పోకుండా కుట్టేశాం. కెమెరా అక్కర్లేకపోయింది.”

పెయ్‌లిన్ అత్తను వాటేసుకుంది. “అంతా మీ దేవుడి దయ అత్తయ్యా!”

“దయకేం, బోలెడుంది,” అంది చియూమెయ్ కళ్లు తుడుచుకుంటూ. “కాకపోతే ఒక్కోసారి మనమే వంగి, చేత్తో కాస్త సర్దాలి. కదండీ డాక్టరుగారూ?”