శ్రుతి మించిన క్యాసెట్టు

బాకా మాస్టారికి ఆ పేరు పెట్టింది పిల్లలు. నిజానికి ఆయన జన్మలో ఎవరికీ బాకా ఊదలేదు, ఊదిందల్లా ట్రంపెట్టే. పైవాళ్ళకి కాస్త బాకా ఊదడం చేతనై ఉంటే ఈపాటికి ఏ ప్రిన్సిపాలో అయి చల్లటి గదిలో కూర్చునేవారు. కాలేజీ మూడో అంతస్తు చివర, విరిగిన బెంచీలు పడేసే గది పక్కన, కిటికీ మూస్తే ఉక్కా, తీస్తే లెక్కల మాస్టారి తిట్లూ వచ్చే బ్యాండు గదిలో ఇన్నేళ్ళు ఉండేవారు కాదు.

ఆ గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. దానికి తాళం లేదు. "బ్యాండుకే లేనిది బీరువాకెక్కణ్ణించి వస్తుంది?" అని ఆయన డ్రమ్ముల కుర్రాడి వైపు ఓరగా చూసేవారు. ఆ కుర్రాణ్ణి అందరూ తొందర అని పిలిచేవాళ్ళు. ఎంత నిదానంగా మొదలుపెట్టినా పాట సగానికొచ్చేసరికి, ఎక్కాల్సిన బస్సు కదిలిపోతున్నట్టు పరిగెత్తేవాడు. మాస్టారు వాయిస్తే, అంటే చీవాట్లతో వాయిస్తే, ఓ రెండు రోజులు కుదురుగా ఉండేవాడు.

బీరువా నిండా పాత పాటల కాగితాలే. ఏటా వార్షికోత్సవం దగ్గర పడగానే మాస్టారు నేలమీద చాప పరుచుకుని, ఆ కట్టలన్నీ చుట్టూ పేర్చుకుని, బ్లూసూ బూజూ కలిపి దులిపేవారు. మూడు పాటలు ఎంచాలి. ముందు ఒక స్వింగు, మధ్యలో ఒక బ్లూస్, చివర మళ్ళీ స్వింగు. ఈ వరస ఆయన సొంతం కాదు. ఇదే గదిలో, ఇదే బీరువా ముందు, తనకి జాజ్ నేర్పిన పెద్ద మాస్టారిది.

"స్వింగంటే ఊయలరా," అనేవారట పెద్ద మాస్టారు. "ముందు ఒక ఊపు ఊపి పలకరించు. జనం కాళ్ళు వాటంతటవే ఆడతాయి. తర్వాత బ్లూస్. మనిషి దిగులుని పన్నెండు అడుగుల్లో నడిపించి, మొదలెట్టిన చోటికే తెచ్చి నిలబెట్టు. అప్పుడు హాల్లో దగ్గులు ఆగిపోతాయి. ఆఖర్న ఇంకో ఊపు ఊపి ఇళ్ళకి పంపించు. ఒక్క మాట గుర్తుపెట్టుకో. పాటకి తగ్గ పిల్లల్ని వెతకడం కాదు మన పని. పిల్లలకి తగ్గ పాట వెతకడం."

బాకా మాస్టారు ఈ మాట తప్పకుండా పాటించేవారు, ఒక్క పాట దగ్గర తప్ప. ఆ పాట పేరు 'గేటు దగ్గర గొడుగు'. తన చదువు చివరి ఏడాది వాళ్ళ బ్యాండు వాయించిన స్వింగు. అప్పుడు రికార్డు చేసిన క్యాసెట్టు బీరువా పై అరలో ఉండేది. ప్రతి కొత్త బ్యాచికీ ఒకసారి వినిపించేవారు. ఆ వేగం వింటే వాన వెంటపడి తరుముతున్నట్టు, బ్యాండంతా గొడుగు తెరవడానికి కూడా ఆగకుండా పరిగెత్తుతున్నట్టు ఉండేది. పిల్లలు నోళ్ళు తెరిచేవాళ్ళు. మాస్టారు క్యాసెట్టు తీసి చొక్కాకి తుడిచి, "మీ బ్యాచికి ఇది కాదులే," అని మళ్ళీ పైన పెట్టేసేవారు. అలా ఇరవై బ్యాచిలు వెళ్ళిపోయాయి. ఆయనకింక ఉద్యోగంలో మిగిలింది ఈ ఏడూ, పైన ఇంకొకటీ. ఆ పాట ఆ హాల్లో మరోసారి వినకుండానే వెళ్ళిపోతానేమోనన్న గుబులు మాత్రం ఏటా ఒక మెట్టు పైకెక్కుతోంది.

ఈ ఏడాది పిల్లలు బాగా కుదిరారు. ముఖ్యంగా ట్రాంబోన్ వాయించే అమ్మాయి. ట్రాంబోన్‌కి మీటలుండవు, పొడుగాటి గొట్టం ముందుకీ వెనక్కీ జరపడమే. అందుకని తోటివాళ్ళు ఆ పిల్లకి జారుడుబల్ల అని పేరు పెట్టారు. మాటల్లో జారేది కాదు, చెవి మాత్రం చాలా చురుకు.

"మొదట 'మెట్ల మీద పిల్లి'. మధ్యలో 'గుమస్తా బ్లూస్'. చివర," అని మాస్టారు గొంతు సర్దుకున్నారు, "గొడుగు."

"వానాకాలం ముందే వచ్చింది," అన్నాడు తొందర, పుల్లలు తిప్పుతూ.

వారం తిరక్కుండానే పిడుగులు కూడా పడ్డాయి. పిల్లి మెట్లు దిగింది, గుమస్తా బుద్ధిగా తన దిగులు తను పడ్డాడు, గొడుగు మాత్రం తెరుచుకోలేదు. పాట మధ్యలో ట్రాంబోన్ ఒక్కటే వాయించే ముక్క ఒకటుంది. ఆ వేగంలో గొట్టం ఒక చోటికి చేరేలోగా స్వరం రెండు చోట్లు దాటిపోయేది. జారుడుబల్ల చెయ్యి నొప్పెట్టేదాకా వాయించింది, పెదవి వాచేదాకా వాయించింది.

"ఇంకాస్త వేగం తల్లీ. మా రోజుల్లో ఇదే ముక్క ఒక బండబ్బాయి నిద్రమత్తులో వాయించేవాడు."

"ఆయన మనిషేనా మాస్టారూ?"

"మనిషిన్నర ఉండేవాడు."

అందరూ నవ్వారు, ఆ పిల్ల నవ్వలేదు. గొట్టంలో తడి దులిపి, పెట్టెలో సర్దుకుని, అందరూ వెళ్ళాక ఆయన దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. నావల్ల బ్యాండు పరువు పోతోంది. ఈ శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే మానేస్తాను. ఇంకెవర్నైనా పెట్టుకోండి."

ఇంకెవరున్నారు? కాలేజీ మొత్తానికి ట్రాంబోన్ ఒకటే, దాన్ని ఊదే మనిషీ ఒకతే. ఆ పిల్ల లేకపోతే గుమస్తా బ్లూస్ మొదలే కాదు. కార్యక్రమం కాగితం ప్రిన్సిపాల్ చేతికి అందాల్సింది కూడా శుక్రవారమే. పాట మార్చేస్తే పోయేది. ఆ మాట ఆయన నాలిక చివరిదాకా వచ్చి, బీరువా పై అర చూసి వెనక్కి వెళ్ళిపోయింది. దానికి బదులు క్యాసెట్టు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"ఇంటికి తీసుకెళ్ళు. దీంతోపాటు వాయించి చూడు. అదే పట్టుబడుతుంది."

ఇన్నేళ్ళలో ఆ క్యాసెట్టు గుమ్మం దాటడం అదే మొదటిసారి.

బుధవారం సాయంత్రం జారుడుబల్ల అందరికంటే ముందే వచ్చింది. పెట్టె తెరవలేదు. ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది.

"మాస్టారూ, ఒకటి అడుగుతాను, కోప్పడకూడదు. ఈ క్యాసెట్టుతో మీరెప్పుడైనా కలిసి వాయించారా?"

"లేదమ్మా. వింటూ ఉండిపోతాను, ఇంక ఊదడమెక్కడ?"

"నేను వాయించాను. నా గొట్టం ఏ స్వరానికీ దాని చోట్లో ఆగట్లేదు. ప్రతిసారీ చోటుకీ చోటుకీ మధ్యలో ఆగుతోంది. అలా మధ్యలో ఆపితే క్యాసెట్టుతో సరిగ్గా కలుస్తోంది."

"పాత టేపు కదా, కాస్త అటూ ఇటూ ఉంటుంది."

"కాస్త కాదండీ." ఆ పిల్ల మూలనున్న పియానో మూత తీసి ఒక తెల్లమెట్టూ, పక్కనే నల్లమెట్టూ నొక్కింది. "మీ పాట ఈ రెంటికీ నడుమ సందులో ఉంది. ఒకళ్ళు తప్పు వాయించారంటే నమ్ముతాను. బ్యాండంతా, పియానోతో సహా, సందులో ఎలా వాయిస్తుంది? పియానోకి సందు లేదుగా."

మాస్టారికి చెవులు వేడెక్కాయి. "అమ్మాయ్, నువ్వు శ్రుతి మించుతున్నావు."

"నేను కాదు మాస్టారూ, క్యాసెట్టు."

ఎంత మాటకారైనా, తన మాటని ఇంకొకళ్ళు అంత మెత్తగా తిప్పికొట్టాక ఏం చేస్తాడు? చాపమీద కూలబడి, "ఏదీ, వినిపించు," అన్నారు.

పాటని ఫోనులోకి ఎక్కించుకుంది ఆ పిల్ల. వేలితో వేగం కొంచెం తగ్గించింది. ఇంకొంచెం. వేగంతోపాటు పాట శ్రుతి కూడా దిగుతూ, దిగుతూ, కాగితం మీద రాసున్న శ్రుతి దగ్గరికొచ్చి కుదురుకుంది. అప్పుడు మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

పాటకి ముందు పెద్ద మాస్టారు అంకెలు లెక్కపెట్టి బ్యాండుని ఎత్తిస్తారు. ఇన్నేళ్ళూ ఆ గొంతు కంచుగంటలా, కుర్రతనంగా, ఎగిరి గంతేసేట్టు వినపడేది. పెద్ద మాస్టారంటే ఆయన మనసులో ఉన్న బొమ్మ కూడా అలాంటిదే. అలుపెరగని మనిషి. ఇప్పుడు వినపడ్డది వేరు. "ఒకటీ... రెండూ..." అంటూ ఒక నడివయసు దాటినాయన, మూడంతస్తుల మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరకుండా లెక్కపెడుతున్నాడు. మూడుకీ నాలుక్కీ మధ్య చిన్న ఊపిరి తీసుకున్నాడు.

ఆ ఊపిరి మాస్టారికి బాగా తెలుసు. రోజూ తను తీసుకునేదే.

ఇంటికెళ్ళి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో నిలబడి ఈ సంగతంతా చెప్పారు. ఇంటావిడ ఆ రోజుల్లో అదే బ్యాండులో క్లారినెట్ వాయించేది. ఇప్పుడు కూరలు తరుగుతూ వింటోంది.

"ఏమోయ్, మనం అంత నెమ్మదిగా వాయించామా?"

"నెమ్మదేమిటండీ, మామూలుగానే వాయించాం. ఆ బండబ్బాయి అన్నం కూడా అంత వేగంగా తినేవాడు కాదు. ట్రాంబోన్ అంత వేగంగా వాయించాడంటే ఎలా నమ్మారు?"

"మరి నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడు వినిపించారు కనక? ఆ క్యాసెట్టు బీరువాలో పెట్టుకుని పిల్లలకి డప్పు కొట్టడమే గానీ, ఒక్కరోజు ఇంటికి తెచ్చారా?" ఆవిడ కత్తి పక్కన పెట్టింది. పెదాల చివర చిన్న నవ్వు. "బ్యాటరీలు ఏమయ్యాయో గుర్తులేదా?"

"ఏం బ్యాటరీలు?"

"ఆ టేపు రికార్డరు మా నాన్నది. కొత్త బ్యాటరీలు వేసి పంపించారు. రికార్డు చేసే రోజు పొద్దున చూస్తే అందులో పాతవి ఉన్నాయి. చక్రం నీరసంగా తిరుగుతోందని నేనంటే, ఫరవాలేదు, పాట అయ్యేదాకా లాగుతుందిలే అన్నారు మీరు. మిషను నీరసంగా తిరుగుతూ ఎక్కించుకున్నది, మంచి మిషనులో వేస్తే పరిగెత్తదూ?"

"కొత్తవి ఏమైనట్టు?"

"మీ టార్చిలో ఉన్నాయి. ముందురోజు సాధన అయ్యాక, మా వీధిలో దీపాలు లేవు, ఇంటిదాకా దిగబెడతానని వెంటబడ్డారుగా. వెలుగు చాలదని అవి ఊడదీసి అందులో వేసుకుని, టార్చిలోని పాతవి రికార్డరులో పెట్టారు. మర్నాటికి మార్చడం మర్చిపోయారు. నాకు తెలుసు. అడిగితే మీరు సిగ్గుపడతారని ఊరుకున్నాను."

మాస్టారికి అప్పుడు అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. చేతిలో బరువైన టార్చి. తడిసిన రోడ్డుమీద గుండ్రటి వెలుగు. ఆవిడ భుజాన క్లారినెట్ పెట్టె. వాళ్ళిద్దరూ ఆ రోజు ఎంత నిదానంగా నడిచారో కూడా గుర్తొచ్చింది. ఇన్ని రోజులూ పిల్లల్ని తరిమింది పెద్ద మాస్టారి వేగం కాదు. తన టార్చి వెలుగు.

"అయితే తప్పంతా నీదే," అన్నారు చివరికి. "మీ వీధిలో దీపాలుంటే బ్యాండు ఇంత పరిగెత్తేది కాదు."

"మునిసిపాలిటీకి రాసుకోండి," అని ఆవిడ మళ్ళీ కత్తి అందుకుంది.

గురువారం సాధనకి ఆవిడ కూడా వచ్చింది. చేతిసంచిలో నాన్నగారి టేపు రికార్డరు, ఒక ఖాళీ క్యాసెట్టు, ఒక కొత్త బ్యాటరీల పొట్లం. పొట్లం మాస్టారి చేతికిస్తూ, "ఇవి దీనికే," అంది.

మాస్టారు పిల్లల ముందు నిలబడ్డారు. మామూలుగా అయితే ఒక జోకుతో మొదలుపెట్టేవారు. ఆ రోజు జోకు దొరకలేదు.

"మీకు నేను తప్పు వేగం చెప్పాను. మేమూ అంత వేగంగా వాయించలేదు. మాకు రాదు కూడా. ఇవాళ అసలు వేగంలో చూద్దాం."

"ఇంత నిదానమా?" అన్నాడు తొందర, ఆయన కాలు కదిపిన తీరు చూసి. "నడుస్తూ వెళ్ళినా బస్సు అందుతుంది మాస్టారూ."

"బస్సు ఎక్కొద్దు బాబూ. నడిచే వెళ్దాం."

ఆయన లెక్కపెట్టారు. మూడుకీ నాలుక్కీ మధ్య ఊపిరి తీసుకున్నారు. అది ఎవరి ఊపిరో ఆయనొక్కరికే తెలుసు.

పాట ఎత్తుకుంది. ఆ వేగంలో అది వాన తరుముతున్న పాట కాదు. వాన పడుతూనే ఉంది. ఒకే గొడుగు కింద ఇద్దరు గేటు వైపు నడుస్తున్నారు, గేటు త్వరగా రాకూడదని అడుగులు చిన్నవి చేసుకుంటున్నారు. పాట పేరులో గేటెందుకుందో మాస్టారికి ఇన్నేళ్ళకి అర్థమైంది. సగం దాటాక తొందర కాలు తొందరపడబోయింది. పక్కన కుర్చీలో కూర్చున్న ఆవిడ ఒక వేలెత్తి చూపించింది. వాడు తగ్గాడు.

ట్రాంబోన్ ముక్క వచ్చింది. జారుడుబల్ల గొట్టం ముందుకి వెళ్ళి ఒక చోట ఆగింది, వెనక్కొచ్చి ఇంకో చోట ఆగింది. సందుల్లో ఎక్కడా ఆగలేదు. చివరి స్వరాన్ని కావాలనే కాస్త సాగదీసి వదిలింది. అది కాగితంలో లేదు. మాస్టారు తలూపారు.

పాట అయింది. తెరిచున్న కిటికీలోంచి లెక్కల మాస్టారి తిట్లు రాలేదు.

"రేపు కాగితం ఇచ్చెయ్యమంటావా?" అని ఆయన ఆ పిల్లని అడిగారు.

"ఇచ్చెయ్యండి. ట్రాంబోన్ అని రాసేచోట నా పేరే రాయండి, జారుడుబల్ల అని కాదు."

పిల్లలంతా వెళ్ళిపోయారు. మాస్టారు ఇవాళ్టి పాట ఎక్కించిన కొత్త క్యాసెట్టుని పాతదాని పక్కన, పై అరలో పెట్టారు. రికార్డరు సంచిలో పెట్టుకుని ఇద్దరూ బయటికొచ్చారు. పొద్దు వాలింది, మెట్ల దగ్గర బల్బు వెలగట్లేదు. ఆయన జేబులోంచి ఫోను తీసి లైటు వెయ్యబోయారు.

"వద్దులెండి," అంది ఆవిడ, ఆయన మోచెయ్యి పట్టుకుంటూ. "నిదానంగా దిగుదాం."