పుదీనకుఁ బంచామృతము

ఓషధులకు ఱేఁడైన చంద్రుని సిగపువ్వుగాఁ దాల్చి సకలలతాగుల్మములకుఁ బ్రాణరసం బొసంగు పార్వతీవల్లభునకు మ్రొక్కి యీ వృత్తాంతముఁ జెప్పెదను.

గ్రీష్మాంతవేళ ప్రచండమార్తాండకిరణజ్వాలలకుఁ గమలిన పెరటిమొక్కలపై నైరృతిదిక్కునుండి తొలిమేఘచ్ఛాయ యల్లన వ్రాలుచుండ నన్నియుఁ దేఱుకొనుచుండఁగాఁ బాకశాలవెనుక మట్టికుండీలోని పుదీన మాత్రము నానాఁటికిఁ బచ్చదనము దప్పి పండుబాఱుచుండెను.

ఆ కుండీ వేదవేదాంగపారంగతుఁడును ద్రికాలశివార్చనాపరాయణుఁడునగు పురుషోత్తమ సోమయాజి యింటిది. అతని ధర్మపత్ని యచ్చమాంబ దీర్ఘవ్యాధిపీడితయై మంచము పట్టి యన్నమునకు విముఖురాలై పుదీనయాకు నలిపి కలిపిన పలుచనిమజ్జిగ దక్క మఱేమియు మ్రింగఁజాలకుండెను. పూర్వ మా మొక్కను బెంచినది యామెయే. ఇప్పు డది యాతని పాలఁబడినది.

అభిషేకతీర్థము పాదములక్రిందఁ బడరాదను నియమముగల యా గృహస్థుఁడు పాలును బెరుగును నేయియుఁ దేనెయుఁ జక్కెరయుఁ గలిసిన యా పవిత్రద్రవమును నిత్యము కుండీలోఁ బోయుచుండెను. ఆకులు పండినకొలఁది యది తన భక్తిలోపమని తలఁచి మఱింత పోసెను. చీమలు బారులుదీరఁగా మృత్యుంజయమంత్రము జపించెను.

ఒకనాఁటి యుదయమున గవాక్షమునుండి పులిసినవాసన రాఁగా నచ్చమాంబ యడిగెను.

"మొక్కకు నీరే పోయుచున్నారా?"

"నీ రేల? స్వామివారి పంచామృతమే పోయుచున్నాను."

ఆమె యెండినపెదవులపై నవ్వు దోఁచెను. "స్వామి శిల గనుక సైఁచెను. పుదీన యెట్లు సైఁచునండీ? పాలకు వేరు కుళ్లును. ఎంత చదివిన నేమి, మీకొక కుండీ నప్పగింపరాదయ్యె."

అతఁడు పరుగునఁ బోయి మన్ను పెల్లగించి చూడ వేళ్లెల్ల నల్లనై మెత్తగిల్లి యుండెను. అంచు దాటి వ్రేలాడిన తీఁగకొన యొక్కటి మాత్రము పచ్చగానుండెను. ఆమె చెప్పినట్లు దానిఁ ద్రుంచి క్రిందియాకులు దీసి గిన్నెడు మంచినీటఁ గణుపు మునుఁగునట్లుంచి శయ్యకడఁ బెట్టెను. ఆ పూఁట వట్టిమజ్జిగ నోటఁ బోయఁగా గుటక దిగక వెలికి వచ్చెను.

"వేరు పుట్టుట కెన్నినాళ్లగును?"

"అది దాని యిష్టము. మంత్రము చదువకుఁడు. నీరు మార్చుచుండుఁడు."

అంతకంటె నన్య మెఱుంగక యాతఁ డచటనే కూర్చుండి గిన్నెను ఱెప్పవేయక చూచుచుండెను.

"అట్లు చూడకుఁడు. చూచినకొలఁది వేరు పెరుగదు."

అతఁడు చూపు మరల్చెను. మరల్చిన చూపున కెదుట నామె ముఖము దక్క వేఱేమియు లేదు. సమస్తనిగమములు వల్లించిన యా వృద్ధుఁ డస్థిమాత్రావశిష్టమైన యా ముఖముఁ జూడ ధైర్యము చాలక మరల గిన్నెవంకకే కన్నులు వాల్చెను. నీటిలోఁ గణుపు పచ్చగా వేరులేక నిలిచి యుండెను.

ఈ కథ వినినవారి పెరడు వాడకుండుఁ గాక. వారి యింటి రోగికి గొంతు దిగు గ్రుక్కెడు కొఱఁతపడకుండుఁ గాక.