పెద్దింటయ్య అడుగుల్లో నీళ్ళు

ఏలూరు తంగెళ్ళమూడిలో శేషగిరిరావుగారి మేడమీది వాటాలో పొద్దున్నే గొడవంతా స్నానాలగది తలుపు దగ్గరే. అందరికన్నా ముందు లేచేది ఫర్జానా, ముందు బయల్దేరాల్సింది సలోమి, ముందు దూరి గడియ పెట్టుకునేది తేజశ్రీ. ఫర్జానావాళ్ళది తాడేపల్లిగూడెం, ఇక్కడ తివాచీల కంపెనీలో డిజైన్లు గీస్తుంది. సలోమిది జంగారెడ్డిగూడెం, కంటి ఆస్పత్రిలో నర్సు. తేజశ్రీ కొల్లేటి లంకలో పుట్టి పెరిగిన పిల్ల. బంగారం మీద అప్పులిచ్చే ఆఫీసులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. ఇస్త్రీ మడత నలగని చీర, తడి అంటని చెప్పులు, ఆమెను చూస్తే నీళ్ళ మధ్య పెరిగిందని ఎవరూ అనుకోరు. ఎవరూ అనుకోకూడదనే ఆమె తాపత్రయం కూడా.

ఒకరోజు స్టవ్ మీద పాలు పొంగి మాడిపోయాయి. పెట్టింది నువ్వంటే నువ్వని ముగ్గురూ అరుచుకుంటుంటే శేషగిరిరావుగారు మెట్లెక్కి వచ్చారు.

“ఇలా రోజూ కేకలెందుకమ్మా? ఏ పని ఎవరిదో, ఏం కూడదో ఓ కాయితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. నాకో జిరాక్సు ఇవ్వండి. నా మధ్యాహ్నం నిద్ర నాకు దక్కుతుంది,” అన్నారు.

ఆ ఆదివారం చాప మీద కూర్చుని రాసుకున్నారు. చేతిరాత బావుంటుందని కలం తేజశ్రీకిచ్చారు. స్నానాల వంతులు, గ్యాసు బండ వంతులు, ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవడం. తను రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నప్పుడు మిక్సీ వెయ్యొద్దని సలోమి అడిగింది. తను నమాజు చేసుకునే మూలకి చెప్పులతో రావొద్దని ఫర్జానా అంది. నవ్వుకుంటూనే అన్నీ ఒప్పుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నాక తేజశ్రీ ఎవరూ చెప్పకుండానే ఇంకో వాక్యం రాసి, రాశాక చదివింది.

“తల్లిదండ్రులతో సహా ఎవరి బంధువులూ రాత్రిళ్ళు ఈ ఇంట్లో ఉండరాదు.”

“అమ్మానాన్నలు కూడానా?” అంది ఫర్జానా.

“ఉన్నవి రెండు గదులు. ఒకరికి సరేనంటే అందరికీ సరేననాలి కదా.”

సలోమి కాసేపు ఆ అక్షరాలకేసే చూసింది. తరవాత సంతకం పెట్టింది. ఫర్జానా కూడా పెట్టింది.

తేజశ్రీ ఆ వాక్యం రాసింది ఇల్లు ఇరుకని కాదు. తండ్రి పెద్దింటయ్య కోసం.

పెద్దింటయ్య ఎక్కడ అడుగుపెడితే అక్కడ కొల్లేరు ఊరేది. నేల మీద, గచ్చు మీద, పాలరాతి మీద, ఆయన పాదం ఎత్తగానే ఆ గుర్తులో నీళ్ళు నిలిచేవి. ఆ నీళ్ళలో వేలెడంత పరిగె చేపలు ఈదుతుండేవి. ఆయన వయసులో ఉన్నప్పట్నుంచీ ఇంతే. బస్సులో కండక్టరు “పెద్దాయనా, మీరు తలుపు పక్క సీట్లో కూర్చోండి, నీళ్ళు కిందికి పోతాయి” అనేవాడు. కల్లాల్లోకి మాత్రం రావద్దని రైతులు మర్యాదగానే చెప్పేవారు. అంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది తేజశ్రీ ఒక్కతే. ఒకసారి ఆయన కూతుర్ని చూద్దామని ఆఫీసుకి వచ్చాడు. నున్నటి టైల్సు మీద కౌంటరు దాకా నడిచొచ్చాడు. వాచ్‌మన్ తుడుపుగుడ్డ తెచ్చాడు. గాజులు తాకట్టు పెట్టడానికి వచ్చిన ఒకావిడ, ఊరికే పోతున్నాయి కదాని పరిగెల్ని ఏరి కవర్లో వేసుకుంది. మేనేజరు లేచి వచ్చి, “మీ నాన్నగారాండీ? కూర్చోబెట్టండి, కాఫీ తెప్పిస్తాను” అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా తేజశ్రీకి చెవుల దాకా వేడెక్కింది. “పనిలో ఉన్నాను నాన్నా, ఇంకోసారి రా” అని పంపేసింది. ఆయన వెళ్ళిన దారంతా చిన్నచిన్న మడుగులు మిలమిలలాడుతుంటే తల తిప్పుకుంది.

కాయితం రాసుకున్న కొన్నాళ్ళకి సలోమి తల్లి రత్నమాణిక్యం వచ్చింది. పొగాకు బేళ్ళ దగ్గర ఒంగి ఒంగి పనిచేసి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. డాక్టరుకి చూపించుకునేసరికి పొద్దుపోయింది, ఆఖరి బస్సు తప్పిపోయింది. ఫర్జానా ఆ పూట ఊళ్ళో లేదు. తేజశ్రీ ఉంది. సలోమి తల్లిని గుమ్మంలో నిలబెట్టి లోపలికొచ్చి, తేజశ్రీ మొహంకేసి చూసింది. అడగలేదు, చూసిందంతే. తేజశ్రీ బట్టలు మడతపెడుతూ ఉండిపోయింది. సలోమి దుప్పటి ఒకటి తీసుకుని బయటికి నడిచింది.

“రాసుకున్నాక ఇక మాటేముందమ్మా,” అంది రత్నమాణిక్యం తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు. తెచ్చిన జామకాయలు గుమ్మం పక్కన పెట్టి, గోడ పట్టుకుంటూ మెట్లు దిగింది. ఆ రాత్రి ఆవిడ ఆస్పత్రి వరండాలో బెంచీ మీద పడుకుంది.

ఆ తరవాత పెద్దింటయ్య కళ్ళకి శుక్లాలు కమ్మాయి. ఏలూరులో ఆపరేషను ఖాయమైంది, అదీ సలోమి పనిచేసే ఆస్పత్రిలోనే. ముందురోజే రావాలి. ఫోనులో ఆయన, “మీ గదిలో ఓ మూల పడుకుంటాలేమ్మా” అన్నాడు.

“ఇక్కడ రూలు పెట్టారు నాన్నా. మిగతా ఇద్దరూ గట్టిగా పట్టుబట్టారు, నేనేం చెయ్యను? ఇల్లంతా తడిసిపోతుందని వాళ్ళ బాధ.”

“నిజమేనమ్మా. తడంటే ఎవరికైనా ఇబ్బందే. నేను స్టేషన్లో పడుకుంటాలే.”

ఆఫీసు నుంచి త్వరగా బయటపడి బస్టాండులో ఆయన్ని కలుసుకుని, దగ్గర్లో లాడ్జీలో దించాలని తేజశ్రీ అనుకుంది. కానీ ఆయన అంతకు ముందు బస్సుకే దిగిపోయాడు. భార్య పైడమ్మ ఆడపిల్లలకని కట్టిచ్చిన ఎండురొయ్యలు ఇచ్చేసి వెళ్దామని అడ్రసు అడుక్కుంటూ తంగెళ్ళమూడి వచ్చాడు.

బస్టాండులో వెతికి వెతికి తేజశ్రీ ఇంటికొచ్చేసరికి మెట్ల మీద ఎక్కడా తడి లేదు. రాలేదేమోలే అనుకుంది. మలుపు దగ్గర మాటలు వినబడి ఆగింది.

పెద్దింటయ్య గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. రెండు కాళ్ళకీ పాలిథీన్ సంచులు తొడుక్కుని, వలతాడుతో చీలమండల పైన బిగించి కట్టుకున్నాడు. సంచుల నిండా నీళ్ళు. పరిగెలు తిరగడానికి చోటు లేక ఆయన వేళ్ళ సందుల్లో కొట్టుకుంటున్నాయి. తాడు ఒరుసుకుని చర్మం కమిలిపోయి ఉంది.

“లోపలికి రండి బాబాయిగారూ,” అంటోంది సలోమి.

“వద్దమ్మా. రాసుకున్నారంట కదండీ, మా తేజ చెప్పింది. మీ ఇద్దరికీ తడితో ఇబ్బందంట. ఆయ్, తప్పేముందండీ, ఆడపిల్లలు తిరిగే ఇల్లు, జారితే కాలో చెయ్యో విరుగుద్ది. అందుకే లంకలోనే ఇవి కట్టుకుని బయల్దేరాను. ఈ పొట్లం ఇచ్చేసి పోతాను.”

సలోమి ఆ సంచులకేసి చూసింది. తలెత్తేసరికి మెట్ల మలుపులో తేజశ్రీ కనబడింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. పెద్దింటయ్యకి వెనక ఎవరున్నదీ తెలీదు.

“ఔనండీ,” అంది సలోమి నెమ్మదిగా. “మేమే పెట్టాం ఆ రూలు. తేజ వద్దనే అంది పాపం. తెలీక పెట్టామండీ, ఏమీ అనుకోకండి. మీరు లోపలికి రండి.”

కాదని చెప్పడానికి తేజశ్రీకి ఒక్క మాట చాలు. నోరు తెరిచింది కూడా. “ఎప్పుడొచ్చావు నాన్నా?” అన్న మాటే బయటికొచ్చింది.

సలోమి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కింద కూర్చుని తాళ్ళు విప్పింది. ముడులు తడికి బిగుసుకుపోయి ఊడి రాకపోతే ఆస్పత్రి కత్తెర తెచ్చి కోసింది. నీళ్ళనీ పరిగెల్నీ బకెట్లో వంచింది. పెద్దింటయ్య లేచి మెల్లగా గదిలోకి నడిచాడు. ఆయన అడుగుల్లో ఆ రోజు నీళ్ళు నిలవలేదు. చెమట పట్టిన చెయ్యి ఆనిచ్చినట్టు పల్చటి తడి, అంతే. చేపలు లేవు.

ఫర్జానా వచ్చి తన మంచం ఆయనకిచ్చింది. ఎవరూ కాయితం మాట ఎత్తలేదు.

వంటింట్లో తేజశ్రీ గొంతు తగ్గించి అడిగింది. “అలా ఎందుకు చెప్పావు సలోమీ?”

“నువ్వని తెలిస్తే ఆయన ఈ ఊళ్ళో కళ్ళు తెరవడానికి కూడా ఇష్టపడడు,” అంది సలోమి బియ్యం కడుగుతూ. “నీ కోసం చెప్పలేదు.”

ఆపరేషను బాగానే జరిగింది. మర్నాడు పొద్దున కట్టు విప్పింది కూడా సలోమే. పెద్దింటయ్య రెప్పలు కొట్టుకుంటూ కిటికీ చూశాడు, గోడ మీది క్యాలెండరు చూశాడు, కూతురి మొహం చూసి, “చిక్కిపోయావేంటమ్మా” అన్నాడు. లేచి తలుపు దాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగి నేలకేసి చూశాడు. గచ్చు పొడిగా ఉంది. మళ్ళీ మంచం దాకా నడిచి చూశాడు. పొడిగానే ఉంది. ఆయన చాలాసేపు ఆ గచ్చుకేసే చూస్తూ నిలబడ్డాడు.

“మంచిదేలే,” అన్నాడు చివరికి. “పిల్లలు జారిపడరు.”

తేజశ్రీ ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. అది జరిగాక తండ్రి పక్కన నిలబడలేక, మందుల చీటీ వంక పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

సెలవు పెట్టి తనే ఆయన్ని లంకకి తీసుకెళ్ళింది. పైడమ్మ పొయ్యి మీద పులుసు మరగబెట్టి ఎదురుచూస్తోంది. ఆ ఇంట్లో ఏ పూటా చేపలు కొనలేదు. పెద్దింటయ్య వాకిట్లోంచి వసారాలోకి వస్తుంటే ఆవిడ చేట పట్టుకుని వెనకే నడిచి, అడుగుల్లోంచి పరిగెల్ని ఎత్తుకునేది. ఆ రోజూ చేట పట్టుకుని వచ్చింది. మొగుడి వెనక నేలని చూసింది. దుమ్ములో పొడి పాదాల గుర్తులు. చూపెత్తి కూతురికేసి చూసింది. చేట గోడకి ఆనించి, పులుసు దించేసి, పప్పు పొయ్యి మీద పెట్టింది.

అన్నాల దగ్గర కూర్చున్నాక తేజశ్రీ నోరు విప్పింది. కంచంలోకి చూస్తూనే అంతా చెప్పింది. ఆ వాక్యం రాసింది తనే అని. వాళ్ళిద్దరూ ఏమీ అనలేదని. ఫోనులో అబద్ధమాడానని. తను చేసిన తప్పుని సలోమి నెత్తినేసుకుంటుంటే వింటూ నిలబడ్డానని. రత్నమాణిక్యం మెట్లు దిగి వెళ్ళడం కూడా చెప్పింది.

పెద్దింటయ్య అంతవరకూ తింటూనే విన్నాడు. అక్కడ ఆయన చెయ్యి ఆగింది.

“ఆవిడ ఎక్కడ పడుకుందన్నావు?”

“ఆస్పత్రి వరండాలో. బెంచీ మీద.”

“మోకాళ్ళ నొప్పులతోనా?”

“ఊఁ.”

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన కంచంలో అన్నం వదలడం పైడమ్మ చూడలేదు.

“రేపు జంగారెడ్డిగూడెం పోదాం,” అన్నాడు.

మర్నాడు బస్సు దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. పెద్దింటయ్య నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. నేల కాలుతుందని ఆయనకి తెలీదు. ఇన్నేళ్ళూ ఆయన నడిచింది చల్లటి నీళ్ళ మీదే. తేజశ్రీ బస్టాండు పక్క కొట్లో రబ్బరు చెప్పులు కొంది. వేలు ఎక్కడ దూర్చాలో ఆయనకి తెలియక తంటాలు పడుతుంటే, జనం నడిచే దారిలోనే మోకాళ్ళ మీద కూర్చుని ఆ పాదాలు ఒకటొకటే పట్టుకుని తొడిగింది. అరికాళ్ళు అప్పుడే బీటలు తీస్తున్నాయి. చీలమండల పైన తాడు గుర్తులు ఇంకా మాయలేదు.

అడుగుతూ అడుగుతూ రత్నమాణిక్యం ఇల్లు పట్టుకున్నారు. ఆవిడ గోడ పట్టుకుని లేచి వచ్చింది. తేజశ్రీని చూసి పోల్చుకుంది.

“మా సలోమి బావుందామ్మా? ఎండలో వచ్చారు. లోపలికి రండి, రండి బాబూ.”

పెద్దింటయ్య చెప్పులు విడిచాడు. అలవాటు కొద్దీ గడప ముందు ఆగి కాళ్ళకేసి చూసుకుని, లోపలికి వెళ్ళాడు. తేజశ్రీ బయటే నిలబడింది.

“నువ్వూ రామ్మా,” అంది రత్నమాణిక్యం.

“మీకో మాట చెప్పాలండీ,” అంది తేజశ్రీ. “అది విన్నాక కూడా రమ్మంటే వస్తాను.”